నల్ల కాగితాల నుంచి పుట్టిన చట్టం

2019 చివర్లో నెదర్లాండ్స్‌లో కొందరు తల్లిదండ్రులకు పన్నుల శాఖ నుంచి లావుపాటి ఫైళ్లు వచ్చాయి. ఏళ్ల తరబడి వాళ్లు ఆ శాఖను అడుగుతున్నది ఒకటే మాట: మమ్మల్ని మోసగాళ్లని ఏ లెక్కన తేల్చారు? జవాబు మీ ఫైల్లో ఉంది అన్నారు. ఆ ఫైలు చేతికి రావడానికే ఏళ్లు పట్టింది. తీరా విప్పి చూస్తే చాలా పేజీల్లో ఒక్క అక్షరం కనబడదు. పైనుంచి కిందిదాకా నలుపు పులిమేశారు. ఒక పేజీ తిప్పితే ఇంకొకటి, అదీ నలుపే. ఆ నల్ల కాగితాల ఫొటోలు టీవీల్లో, పత్రికల్లో చూసి దేశం ఉలిక్కిపడింది.

2024 ఆగస్టు 1న యూరోపియన్ యూనియన్‌లో కృత్రిమ మేధ చట్టం అమల్లోకి వచ్చింది. యంత్రం నీతి తప్పకుండా ప్రభుత్వమే కాపలా కాయాలని ఇంత సమగ్రంగా చెప్పిన చట్టం ప్రపంచంలో ఇదే మొదటిది. దీని పుట్టుక గురించి రాసేవాళ్లు చాలామంది చాట్‌జీపీటీతో మొదలుపెడతారు. ఆ నల్ల కాగితాలను పక్కన పెడితే ఈ చట్టం నాకు అర్థమే కాదు. మనిషి బతుకు మీద యంత్రం తీర్పు చెప్పినప్పుడు కారణం కూడా చెప్పాలన్న నియమం ఎక్కడ పుట్టింది, ఎలా నీరుగారింది, ఎందరి ఉసురు తగిలాక మళ్లీ ప్రాణం పోసుకుంది అన్నది యాభై ఏళ్ల కథ.

ఆ కథ పారిస్‌లో మొదలవుతుంది. 1974 మార్చి 21న ‘లె మోండ్’ పత్రికలో ఫిలిప్ బూషే అనే జర్నలిస్టు ఒక కథనం రాశాడు. ఫ్రాన్స్‌లో ప్రతి మనిషికీ ప్రభుత్వం ఒక నంబరు ఇస్తుంది, మన ఆధార్ లాంటిదే అనుకోండి. వేర్వేరు శాఖల దగ్గరున్న రికార్డులన్నిటినీ ఆ ఒక్క నంబరుతో ముడివేసే పథకం చాటుగా తయారవుతోందని ఆ కథనం బయటపెట్టింది. పథకం పేరులోని పొడి అక్షరాలు కలిపితే ‘సఫారి’ అని వస్తుంది. దాన్ని పట్టుకుని పత్రిక పెట్టిన శీర్షిక ‘ఫ్రెంచివాళ్ల వేట’. జాబితాలు చూసి యూదుల్ని ఇళ్లలోంచి పట్టుకెళ్లిన రోజులు గడిచి అప్పటికి ముప్ఫై ఏళ్లే. ఆ జాబితాల్లో పేర్లున్నవాళ్ల బంధువులు ఇంకా బతికే ఉన్నారు. జనం ఊరుకోలేదు. కొద్ది రోజుల్లోనే ప్రధాని పియెర్ మెస్మెర్ ఆ కలపడాన్ని ఆపించాడు. ఏం చేయాలో తేల్చమని ప్రభుత్వం ఒక కమిషన్ వేయాల్సి వచ్చింది.

కమిషన్ శ్రమ ఫలితంగా 1978 జనవరి 6న ఒక చట్టం వచ్చింది. డేటా మీద చట్టం చేయడంలో ఫ్రాన్స్ మొదటిది కాదు. జర్మనీలోని హెస్సె రాష్ట్రం 1970లోనే చేసింది, స్వీడన్ 1973లో చేసింది. కానీ ఫ్రెంచి చట్టంలో రెండు మాటలు కొత్తవి. మనిషి నడవడిని బేరీజు వేసే కోర్టు తీర్పు దేనికీ కంప్యూటర్ గీసిన చిత్రం ఆధారం కాకూడదు; ఆఫీసుల్లో, కంపెనీల్లో తీసుకునే నిర్ణయాలకు అదొక్కటే ఆధారం కాకూడదు. ఇది మొదటి మాట. కంప్యూటర్ లెక్కను నీకు వ్యతిరేకంగా వాడితే, అందులోని సమాచారాన్నే కాదు, దాని వెనకున్న తర్కాన్ని కూడా తెలుసుకునే, సవాలు చేసే హక్కు నీకుంది. ఇది రెండోది. అప్పటికి కంప్యూటరంటే గది నిండా ఉండే యంత్రం. చట్టంలో కృత్రిమ మేధ అన్న మాటే లేదు. అయినా ఆ రెండు వాక్యాలు రాసినవాళ్లు ఈ రోజు మన సమస్యను అప్పుడే చూశారనిపిస్తుంది. నేను వాటిని చదివిన ప్రతిసారీ ఆశ్చర్యపోతాను.

ఆ మాటలే 1995లో యూరప్ ఉమ్మడి నిబంధనల్లోకి ఎక్కాయి. అక్కడి నుంచి 2018 మే 25న అమల్లోకి వచ్చిన డేటా రక్షణ చట్టంలో 22వ నిబంధనగా చేరాయి. ఆ ప్రయాణంలో వాటికి ఒక చిన్న పదం అడ్డుపడింది: ‘కేవలం’. కేవలం యంత్రం తీసుకున్న నిర్ణయానికి మనిషిని కట్టుబడేలా చేయకూడదన్నారు. వినడానికి బాగుంది. కానీ చివర్లో ఒక గుమస్తా ఫైలు తిప్పి సంతకం పెడితే అది ‘కేవలం యంత్రం నిర్ణయం’ కాదని వాదించొచ్చు. యంత్రం అలా ఎందుకందో ఆ గుమస్తాకు తెలియకపోయినా సరే.

నెదర్లాండ్స్‌లో జరిగింది అదే.

ఆ దేశంలో తల్లీతండ్రీ ఉద్యోగానికెళితే పిల్లల క్రెష్ ఖర్చులో కొంత భాగం ప్రభుత్వం ఇస్తుంది. డబ్బు నేరుగా తల్లిదండ్రుల ఖాతాలో పడుతుంది. ముందు అంచనా మీద ఇచ్చి, ఏడాది చివర లెక్క సరిచూస్తారు. అప్పట్లో పంచేది పన్నుల శాఖే. 2013లో బల్గేరియా నుంచి వచ్చిన కొన్ని ముఠాలు ఇలాంటి సాయాల్ని దొంగలెక్కలతో కాజేశాయన్న వార్త గుప్పుమంది. మోసగాళ్లను పట్టుకోవాలని పార్లమెంటులో అన్ని పార్టీలూ గొంతెత్తాయి. అదే ఏడాది నుంచి పన్నుల శాఖ ఒక కొత్త యంత్రాన్ని వాడుకలోకి తెచ్చింది. పాత దరఖాస్తులు చూసి తనంతట తాను నేర్చుకునే అల్గారిదం అది. ప్రతి దరఖాస్తుకూ ‘ఇది తప్పుల తడక కావడానికి ఎంత అవకాశం’ అని మార్కులు వేస్తుంది. ఎక్కువ మార్కులొచ్చిన దరఖాస్తు ఉద్యోగి బల్ల మీదికి వెళుతుంది. ఆ మార్కులు ఎందుకొచ్చాయో ఆ ఉద్యోగికి చెప్పరు.

అది మార్కులు వేసేటప్పుడు చూసే అంశాల్లో ఒకటి, దరఖాస్తుదారు డచ్ పౌరుడా కాదా అన్నది. ఆదాయం తక్కువ ఉండడం కూడా అనుమానానికి కారణమే. ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. సాయం పెట్టిందే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఎక్కువగా అందాలని. ఎవరికి ఆ డబ్బు లేకపోతే గడవదో వాళ్లనే యంత్రం ముందుగా వేలెత్తి చూపింది.

అనుమానం పడ్డాక ఏం జరిగేదో దగ్గరగా చూడాలి. మొదట సాయం ఆగిపోతుంది. తర్వాత పాత కాగితాలన్నీ తెమ్మని ఉత్తరం వస్తుంది. ఒక కాగితం మీద సంతకం లేకపోయినా, క్రెష్‌కు కట్టాల్సిన సొంత వాటాలో కొన్ని వందల యూరోలు తక్కువపడినా, ఆ ఏడాది తీసుకున్న మొత్తం సాయం వెనక్కి కట్టాలంటారు. అలా రెండు మూడేళ్లవి కలిస్తే వేలు కాదు, పదుల వేల యూరోలు. వాయిదాల్లో కడతామని బతిమాలినా, ‘కావాలనే చేశారు’ అన్న ముద్ర పడినవాళ్లకు ఆ వీలు లేదు. జీతంలోంచి కోత, బ్యాంకు ఖాతా మీద జప్తు. ఇళ్లు పోయాయి, ఉద్యోగాలు పోయాయి, కాపురాలు విడిపోయాయి. అప్పుల ఊబిలో కూరుకున్న ఇళ్లలోంచి పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణకు తీసుకెళ్లిన సందర్భాలు వెయ్యికి పైగా ఉన్నాయని ఆ దేశ గణాంక సంస్థే 2021లో లెక్క తేల్చింది. పిల్లల్ని చూసుకోవడానికిచ్చిన సాయం చివరికి ఆ పిల్లల్నే ఇంటికి దూరం చేసింది.

తప్పంతా యంత్రానిదే అంటే అబద్ధమవుతుంది. చిన్న తప్పుకు మొత్తం కక్కించాలన్న నిబంధన మనుషులు పెట్టిందే. ఆ నిబంధనను 2019 దాకా అత్యున్నత పాలనా న్యాయస్థానం సమర్థిస్తూనే వచ్చింది. ఆ అల్గారిదంతో సంబంధం లేకుండా అధికారుల బృందాలు స్వయంగా గురిపెట్టిన కుటుంబాలూ చాలా ఉన్నాయి. యంత్రం చేసిందల్లా ఆ కాఠిన్యానికి వేగాన్ని, ‘లెక్క తప్పదు’ అన్న ధీమాను ఇవ్వడం. అడిగినవాళ్లకు చెప్పడానికి ఎవరి దగ్గరా కారణం లేని స్థితిని తెచ్చింది కూడా అదే.

ఈ చీకట్లో మొదట దీపం పట్టుకున్నది హెల్మండ్ అనే పట్నంలోని ఒక లాయరు, ఎవా గొంజాలెజ్ పెరెజ్. ఆమె భర్త నడిపే క్రెష్ సంస్థలో పిల్లల్ని చేర్చిన తల్లిదండ్రులకు 2014లో ఒక్కసారిగా సాయాలు ఆగిపోయాయి. వాళ్లలో ఎక్కువమంది పూర్వీకులు వేరే దేశాల నుంచి వచ్చినవాళ్లు. ఆమె ఒక్కో కుటుంబం తరఫునా ఉత్తరాలు రాసింది, కోర్టుకెక్కింది. ఓడిపోతూ గెలుస్తూ ఏళ్లు గడిపింది. 2017లో ఆ దేశపు అంబుడ్స్‌మన్ 232 కుటుంబాల విషయంలో అన్యాయం జరిగిందని నివేదిక ఇచ్చాడు. అదే ఏడాది పన్నుల శాఖలోనే పనిచేసే న్యాయ సలహాదారు సాండ్రా పాల్మెన్, మనం చేసింది తప్పు, వీళ్లకు పరిహారం ఇవ్వాలి అని పైవాళ్లకు నోట్ రాసింది. ఆ కాగితం మూడేళ్లు సొరుగులోనే ఉండిపోయింది. పీటర్ ఓమ్ట్‌జిగ్ట్, రెన్‌స్కె లైటెన్ అనే ఇద్దరు ఎంపీలు, ఒకరు అధికార పక్షం, ఒకరు ప్రతిపక్షం, ‘ట్రౌ’ పత్రిక, ఆర్‌టీఎల్ టీవీ విలేకరులు వెంటపడకపోతే అది వెలుగు చూసేది కాదు. మొదట్లో చెప్పిన నల్ల కాగితాలు ఆ వెంటపడే రోజుల్లోనివే.

2020 డిసెంబరు 17న పార్లమెంటు విచారణ సంఘం నివేదిక వచ్చింది. దాని పేరు ‘కనీవినీ ఎరగని అన్యాయం’. నెల తిరక్కుండా, 2021 జనవరి 15న, ప్రధాని మార్క్ రుట్టె ప్రభుత్వం మొత్తంగా రాజీనామా చేసింది. ఆయన రాజుగారి దగ్గరికి సైకిలు తొక్కుకుంటూ వెళ్లాడు. ప్రతి బాధిత కుటుంబానికీ 30,000 యూరోలు ఇస్తామన్నారు. పోయిన బాల్యానికి అది పరిహారమా అని ఆ తల్లులే అడగాలి, నేను కాదు.

ఆ గొడవ ఇంకా నడుస్తుండగానే హేగ్ కోర్టులో మరో తీర్పు వచ్చింది. పన్నులు, ఇల్లు, ఉద్యోగం, అప్పులు, చదువు ఇలా 17 రకాల రికార్డుల్ని కలిపి, ఎవరు ప్రభుత్వాన్ని మోసం చేసే అవకాశముందో ఊహించే ‘సిరి’ అనే వ్యవస్థ ఒకటుండేది. దాన్ని రోటర్‌డాంలోని బ్లూమ్‌హాఫ్, హిలెస్లౌస్ లాంటి పేదల పేటల మీదే ప్రయోగించారు. కార్మిక సంఘం, హక్కుల సంస్థలు, ఇద్దరు రచయితలు కలిసి కోర్టుకెళ్లారు. 2020 ఫిబ్రవరి 5న కోర్టు ఆ వ్యవస్థ చెల్లదంది. మోసాన్ని అరికట్టడం మంచిదే, కానీ లోపల ఏం జరుగుతోందో ఎవరూ సరిచూడలేని పద్ధతి మనుషుల వ్యక్తిగత జీవిత హక్కుకు విరుద్ధమని తేల్చింది.

ఆ దేశానికి ఇంకో జ్ఞాపకం ఉంది. 1943 మార్చి 27 రాత్రి, నాజీల ఆక్రమణలో ఉన్న ఆమ్‌స్టర్‌డాంలో, పోలీసు దుస్తులు వేసుకున్న కొందరు కళాకారులు, విద్యార్థులు జనాభా రికార్డుల ఆఫీసులోకి చొరబడి కార్డుల బీరువాలకు నిప్పంటించారు. జర్మన్లు యూదుల్ని వెతికేది ఆ కార్డులతోనే. చిత్రకారుడు విల్లెం అరొన్డెయస్ సహా 12 మందిని ఆ జూలైలో కాల్చి చంపారు. ఆ ఆఫీసులో కార్డులు పేర్చినవాళ్లు యుద్ధానికి ముందు ఏ చెడ్డ ఉద్దేశంతోనూ ఆ పని చేయలేదు. లెక్క చక్కగా, ఒద్దికగా రాసుకున్నారు, అంతే. అలాంటి చరిత్ర ఉన్న దేశంలోనే మళ్లీ పౌరసత్వం అన్న గడి చూసి యంత్రం మార్కులు వేసింది.

ఈలోగా బ్రస్సెల్స్‌లో ఇంకో ప్రయత్నం జరుగుతోంది. 2018లో యూరోపియన్ కమిషన్ 52 మంది నిపుణులతో ఒక బృందాన్ని వేసింది. నమ్మదగిన కృత్రిమ మేధ ఎలా ఉండాలో చెప్పమంది. ఆ బృందంలో థామస్ మెట్జింగర్ అనే జర్మన్ తత్వవేత్త ఉన్నాడు. ఏ పరిస్థితిలోనూ దాటకూడని లక్ష్మణరేఖలు రాసే పని ఆయనకు, మరొక సభ్యుడికి అప్పగించారు. మనుషుల్ని మార్కులతో తూచడం, మనిషి ప్రమేయం లేకుండా చంపే ఆయుధాలు లాంటివి ఆ జాబితాలో చేరాయి. 2019 ఏప్రిల్ 8న మార్గదర్శకాలు వెలువడేసరికి ‘రేఖ’ అన్న మాట పోయింది. ‘ఆందోళన కలిగించే అంశాలు’ అన్న మెత్తటి మాట మిగిలింది. పరిశ్రమల ప్రతినిధుల పట్టుతోనే ఇలా జరిగిందనీ, ఇది నీతి పేరుతో వేసే పైపూత అనీ మెట్జింగర్ ఆ నెలలోనే ఒక బెర్లిన్ పత్రికలో రాశాడు. లోపల కూర్చున్నవాడే ఆ మాట అనడం చాలామందిని కదిలించింది.

మార్గదర్శకాలు పాటించకపోతే అడిగేవాడుండడు. ఆ సంగతి తెలిసే, అదే ఏడాది కమిషన్ పగ్గాలు చేపట్టిన ఉర్సులా ఫాన్ డెర్ లయెన్ చట్టం తెస్తామని మాటిచ్చింది. 2021 ఏప్రిల్ 21న ముసాయిదా వచ్చింది. దాని అసలు స్వభావం ఏమిటంటే, మన ప్రెషర్ కుక్కర్ మీద ఐఎస్ఐ ముద్ర లాంటిది. యూరప్‌లో బొమ్మలకు, లిఫ్టులకు ‘సీఈ’ అనే భద్రతా ముద్ర ఉంటుంది. ప్రమాదం ఎక్కువున్న కృత్రిమ మేధ పరికరాలూ అలాగే పరీక్షకు నిలిచి ముద్ర వేయించుకుని అమ్ముకోవాలి. ప్రమాదాన్ని బట్టి మెట్లు పెట్టారు: కొన్ని పూర్తిగా నిషేధం, కొన్నిటికి కఠిన నిబంధనలు, కొన్నిటికి ఇది యంత్రమని చెబితే చాలు, మిగతావాటి జోలికి పోలేదు. తయారీదారు ఏం చేయాలో వివరంగా రాశారు. యంత్రం దెబ్బ తిన్న మనిషి ఎక్కడికి వెళ్లి మొరపెట్టుకోవాలో మాత్రం అందులో లేదు. కుక్కర్ పేలితే గాయపడేది వంటింట్లో ఉన్న మనిషి కదా, ఆ మనిషి గురించి ఒక్క నిబంధన లేదు. వందకు పైగా పౌర సంస్థలు కలిసి ఈ లోటునే ఎత్తి చూపాయి. డచ్ ఉదంతం యూరప్ పార్లమెంటు చర్చల్లో మాటిమాటికీ వినిపించింది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చి ముసాయిదా లెక్కలన్నీ తారుమారు చేసింది. ఒకే పనికి కాక ఎన్నో పనులకు వాడే ఇలాంటి నమూనాల్ని ఏ మెట్టు మీద పెట్టాలో ఎవరికీ పాలుపోలేదు. ఏడాది పాటు వాదనలు సాగాయి. ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ తమ కంపెనీల మీద భారం పడుతుందని చివరి నిమిషంలో అడ్డం తిరిగాయి. 2023 డిసెంబరు 6 మధ్యాహ్నం మొదలైన చర్చలు తెల్లవార్లూ సాగి దాదాపు 22 గంటల తర్వాత ఆగాయి. ఒక రాత్రి విరామం తర్వాత మళ్లీ కూర్చుని 8వ తేదీ అర్ధరాత్రికి ముగించారు. అన్నిటికన్నా ఎక్కువ పీకులాట జరిగింది వీధుల్లో ముఖాల్ని గుర్తుపట్టే కెమెరాల దగ్గర. పోలీసులకు అవి కావాలని ప్రభుత్వాలు, వద్దని పార్లమెంటు.

ఆ చర్చల మధ్యలోనే, డిసెంబరు 7న, లక్సెంబర్గ్‌లోని యూరప్ న్యాయస్థానం ఒక తీర్పిచ్చింది. అప్పు ఇవ్వొచ్చా లేదా అని ఒక జర్మన్ సంస్థ వేసే మార్కుల మీద కేసు. బ్యాంకు ఆ మార్కుల మీదే ప్రధానంగా ఆధారపడితే, మార్కులు వేయడమే నిర్ణయం అవుతుందని కోర్టు చెప్పింది. చివర్లో బ్యాంకు గుమస్తా సంతకం ఉంది కాబట్టి ఇది యంత్ర నిర్ణయం కాదన్న సాకు ఇక చెల్లదన్నమాట. ‘కేవలం’ అన్న పదం చాటున దాక్కునే దారి అక్కడ చాలా మటుకు మూసుకుపోయింది.

2024 మార్చి 13న పార్లమెంటులో 523 మంది అవునన్నారు, 46 మంది కాదన్నారు. చట్టంలో 113 నిబంధనలున్నాయి. వాటిలో నాకు ముఖ్యమైనవి మూడు. నిషేధాల నిబంధన 2025 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉంది. మనుషులకు నడవడి మార్కులు వేసి సౌకర్యాలు కత్తిరించడం, స్వభావాన్ని అంచనా వేసి అంతమాత్రంతోనే ఫలానావాడు నేరం చేస్తాడని ఊహించడం, బళ్లో పిల్లల, ఆఫీసులో ఉద్యోగుల మనోభావాల్ని కెమెరాతో కొలవడం, ఇంటర్నెట్‌లో ముఖాల్ని గుత్తగా పోగేయడం ఇక చేయకూడదు. అతిక్రమించిన కంపెనీకి 3.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త వార్షిక వ్యాపారంలో 7 శాతం, ఏది ఎక్కువైతే అంత దాకా జరిమానా. రెండోది 27వ నిబంధన. ప్రభుత్వ శాఖ ఇలాంటి ప్రమాదకర యంత్రాన్ని వాడే ముందు, ఎవరి హక్కులకు ఏ దెబ్బ తగలొచ్చో ముందుగా రాసిపెట్టాలి. మూడోది 86వది. ఆ యంత్రం ఆధారంగా నీ మీద నిర్ణయం తీసుకుంటే, అందులో యంత్రం పాత్ర ఏమిటో స్పష్టంగా వివరించమని అడిగే హక్కు నీది. చివరి రెండూ 2021 ముసాయిదాలో లేవు. పార్లమెంటు పట్టుబట్టి చేర్పించింది. 1978లో ఫ్రెంచివాళ్లు రాసిన ఆ రెండో వాక్యం 46 ఏళ్లకు తిరిగొచ్చింది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. సైన్యానికి, దేశ భద్రతకు ఈ చట్టం వర్తించదు. ముఖాల కెమెరాల మీద పోలీసులకు మినహాయింపులు దొరికాయి. ప్రమాదకర యంత్రాల మీద నిబంధనలకు చట్టంలో మొదట రాసిన గడువు 2026 ఆగస్టు. దాన్ని ఇంకా వెనక్కి జరపాలని 2025 నవంబరులో కమిషనే ప్రతిపాదించింది. కంపెనీలకు ఊపిరాడడం లేదన్నది కారణం. ఊపిరాడక పోయినవాళ్ల పేర్లు ఆ ప్రతిపాదన రాసినవాళ్లకు గుర్తు రావాల్సింది.

ఇదంతా దూరదేశం సంగతి అనుకోవడానికి మనకు వీల్లేదు. తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే వ్యవస్థ ఉంది. పలు ప్రభుత్వ శాఖల రికార్డుల్ని కలిపి, ఫలానా దరఖాస్తుదారుకు కారుందా, ఇల్లుందా, వ్యాపారముందా అని అది చూస్తుంది. ఒక రికార్డులోని పేరు, ఇంకో రికార్డులోని పేరు ఒకే మనిషివా అన్నది తేల్చేది సాఫ్ట్‌వేరే. మన పేర్ల సంగతి మనకు తెలియనిదా? ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట ఒక్క పొడి అక్షరం. వెంకటేశ్వర్లు ఒక కార్డులో వెంకటేశ్వర రావు అవుతాడు. ఒకే పేరు, ఒకే తండ్రి పేరు ఉన్నవాళ్లు ఒకే మండలంలో ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి పేరు, దానికి దగ్గరగా ఉన్న మరొకరి పేరుతో కలిసిపోయింది. ఆ మరొకరికి కారుంది. రిక్షా తొక్కే ఇంట్లో ఆహార భద్రత కార్డు లేకుండా పోయింది. అల్ జజీరా 2024లో ప్రచురించిన పరిశోధనలో ఈ ఉదంతం ఉంది.

తెలంగాణలో అప్పటికి రద్దయిన రేషన్ కార్డులు దాదాపు 19 లక్షలు. చాలా ఇళ్లకు ముందు నోటీసు రాలేదు. డీలరు దగ్గరికి పోతే ‘కార్డు కట్ అయింది’ అన్న మాట, మీసేవకు పోతే ‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అన్న మాట. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ కార్డుల్ని క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. ఆ జూలై నాటికి చూసిన 2 లక్షల పైచిలుకు దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవేనని తేలింది. ఆ ఇళ్లలో అన్నాళ్లూ బియ్యం లేకుండా ఎలా గడిచిందో ఏ రికార్డులోనూ ఉండదు. ఆంధ్రప్రదేశ్ సచివాలయాల్లో ‘సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్’ అన్న మాట వినని పింఛనుదారు ఉండరు. అందులో కృత్రిమ మేధ లేదు, మామూలు తనిఖీయే. కానీ వేరేవాళ్ల కరెంటు మీటరు తన ఆధార్‌కు జోడించి ఉందని, నెలకు 300 యూనిట్లు దాటిందని తేలిన ముసలామెకు ఆ తేడా ఏం తెలుస్తుంది? ముఖాల కెమెరాల సంగతి కూడా మన దగ్గర కోర్టుకెక్కింది. లాక్‌డౌన్‌లో పోలీసులు మాస్కు తీయమని ఫొటో తీసుకున్నందుకు ఒక సామాజిక కార్యకర్త వేసిన పిటిషన్ మీద 2022 జనవరిలో తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

కేంద్ర ప్రభుత్వం 2025 నవంబరులో కృత్రిమ మేధ పాలనకు మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రస్తుతానికి విడిగా చట్టం అక్కర్లేదని, ఉన్న చట్టాలు సరిపోతాయని వాటి సారాంశం. సూత్రాలు మంచివే. కానీ మెట్జింగర్ 2019లో కూర్చున్న చోట మనం ఇప్పుడు కూర్చున్నాం. పాటించకపోతే ఏమవుతుందో చెప్పని సూత్రం సాయం ఆగిపోయిన ఇంటికి పనికిరాదని యూరప్ ఇంత నష్టపోయి నేర్చుకుంది. మనం కూడా అంత నష్టపోయే దాకా ఆగాల్సిన పని లేదని నా గట్టి అభిప్రాయం.

అలాంటి చట్టం మనకు వచ్చే లోపు మన చేతిలో ఒకటుంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి): ప్రభుత్వ కార్యాలయం తన నిర్ణయం వల్ల ప్రభావితమైన మనిషికి ఆ నిర్ణయానికి కారణాలు చెప్పాలి. మీ కార్డో, పింఛనో, మీ పక్కింటివాళ్లదో ఆగిపోయి ‘సిస్టమ్ తీసుకోవట్లేదు’ అని చెబితే అంతటితో వెనక్కి రాకండి. ఏ కారణంతో ఆపారు, ఏ శాఖ రికార్డు చూసి ఆపారు, ఆ రికార్డులో ఎవరి పేరుంది అని తెల్లకాగితం మీద రాసి ఆ ఆఫీసు సమాచార అధికారికి ఇవ్వండి. రసీదు అడిగి తీసుకోండి. 30 రోజుల్లో వాళ్లు జవాబివ్వాలి.